రోళ్లు పగిలే ఎండలోనే గింజకు మెలకువ

చండ్రుగొండ అడవిలో విత్తనం చలి కోసం కాదు, వేసవి కోసం ఎదురుచూస్తుంది. ఆ లెక్క తెలియకుండా నాటిన మొక్కల కథ వేరేగా ఉంటుంది.

తంగేడు గింజల్ని తడి ఇసుకలో కలిపి, డబ్బాలో పెట్టి, మూడు నెలలు ఫ్రిజ్‌లో ఉంచినా వాటిలో చాలావాటికి చలనం రాదు. నల్లగా, గట్టిగా, పెట్టినవి పెట్టినట్టే ఉంటాయి. అవే గింజల్ని గరుకు కాగితం మీద నాలుగుసార్లు రుద్ది రాత్రి నీళ్లలో వేస్తే తెల్లారేసరికి ఉబ్బుతాయి. వారం పది రోజుల్లో మొలక కనిపిస్తుంది.

ఫ్రిజ్ మాట ఎందుకంటే, అమెరికాలోనూ ఐరోపాలోనూ నాటు అడవిపూలు పెంచాలనుకునే వాళ్లకు ఎవరైనా మొదట చెప్పేది అదే. గింజల్ని తడి ఇసుకలోనో నాచులోనో కలిపి, ఒకటి నుంచి ఐదు డిగ్రీల చలిలో, నెల నుంచి మూడు నెలల దాకా ఉంచాలి. ఫ్రిజ్ లేకపోతే నవంబరులోనే ఆరుబయట చల్లి మంచుకు వదిలేయాలి. మోనార్క్ సీతాకోకచిలుకల గొంగళిపురుగులు తినే మిల్క్‌వీడ్‌లో చాలా రకాలకు ఈ పద్ధతి పాటిస్తారు. అక్కడి పెరళ్లలో గోంగూర, బీర, దోస పండించుకునే మన తెలుగువాళ్లు వేసవి రాగానే గింజ వేయడానికి అలవాటుపడ్డారు. అలాగే మిల్క్‌వీడ్ గింజను కూడా మే నెలలో నేరుగా మట్టిలో వేస్తే మొలిచేవి తక్కువ. ఆ గింజకు ముందుగా చలికాలం గడవాలి.

దీని వెనకున్న కారణం సులువైనదే. ఆకురాలు కాలంలో రాలిన గింజ అప్పుడే మొలిస్తే, వచ్చే మంచుకు లేత మొక్క చచ్చిపోతుంది. అందుకని గింజలో అబ్సిసిక్ ఆమ్లం అనే పదార్థం మొలకను ఆపి ఉంచుతుంది. తడితో కూడిన చలి వారాల తరబడి సాగితే దాని పట్టు సడలుతుంది, మొలకను ముందుకు తోసే జిబ్బరెల్లిన్ది పైచేయి అవుతుంది. ఒక్క చల్లటి రాత్రి వస్తే చాలదు. చలికాలం మొత్తం గడిచిందని గింజకు నమ్మకం కలగాలి.

ఇక చండ్రుగొండకు వద్దాం. ఒకప్పుడు ఖమ్మం జిల్లా, 2016 అక్టోబరు నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. బెండాలపాడు వైపు వెళ్తే కనకగిరి గుట్టలు కనిపిస్తాయి. టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప, మొర్రి, రేల, మోదుగ, వెదురు, గెట్ల మీద తంగేడు. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున మహా అయితే పది, పన్నెండు డిగ్రీలకు దిగుతుంది. ఎండెక్కేసరికి స్వెటరు విప్పాల్సిందే. ఈ చలితో ఏ గింజకూ పని లేదు. ఇక్కడి మొక్కకు గండం ఫిబ్రవరి నుంచి జూన్ దాకా. వాగులు ఎండి, ఎండ ముదిరేకొద్దీ మధ్యాహ్నం వేళ నలభై అయిదు డిగ్రీల దాకా వెళ్లే నెలలవి. అంతకంటే పెద్ద గండం ఇంకొకటుంది. మార్చిలోనో ఏప్రిల్లోనో ఉరుములతో వచ్చిపోయే అకాల వర్షం. మామిడి పూతను రాల్చే ఆ వాన, నేలమీద గింజను కూడా మోసం చేస్తుంది. దాన్ని నమ్మి మొలిచిన మొక్క వారం తిరక్కుండా మాడిపోతుంది. ఆ మోసానికి చిక్కకుండా కాపాడేదే గట్టి తోలు.

నీళ్లు చొరని తోలు

తంగేడు, రేల, తుమ్మ, ఇంకా చిక్కుడు కుటుంబానికి చెందిన మరెన్నో చెట్ల గింజల తోలులో నిలువు కణాల వరుస ఒకటి దట్టంగా పేర్చి ఉంటుంది. దాని గుండా చుక్క నీరు పోదు. నీటికి ఒకే ఒక దారి ఉంటుంది. తొడిమ ఊడిన మచ్చ పక్కన కంటికి సరిగా ఆనని చిన్న బలహీనమైన చోటు అది. మే నెలలో చెట్టు నీడలేని నేల మధ్యాహ్నం అరవై డిగ్రీల దాకా కాలుతుంది, తెల్లవారుజామున చల్లబడుతుంది. రోజూ ఈ వేడీ చల్లదనమూ మారుతూ పోతే ఆ చిన్న చోటు వదులై తెరుచుకుంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు అన్నారు. గింజలూ పగులుతాయి. ఆ తర్వాత పది, పదిహేను రోజుల్లో మృగశిర వాన పడుతుంది. అప్పుడు లోపలికి దిగిన నీరు అసలైన వానాకాలపు నీరు.

అన్ని గింజలూ ఒకే ఏడాది తెరుచుకోవు. కొన్ని ఈ వేసవికి, కొన్ని వచ్చే వేసవికి, మరికొన్ని ఇంకో అయిదేళ్లకు. వానలు ముఖం చాటేసిన ఏడు మొలిచినవన్నీ పోయినా మట్టిలో నిలవ మిగిలే ఉంటుంది. గట్టి తోలు గింజల ఆయుష్షు ఎంతో చెప్పాలంటే ప్యారిస్ మ్యూజియం ముచ్చట ఒకటి చెప్పాలి. తంగేడుకు దాయాది అయిన ఒక అమెరికా ఖండపు సెన్నా జాతి గింజల్ని 18వ శతాబ్దంలో సేకరించి అక్కడ భద్రపరిచారు. 1930ల్లో బెకరెల్ అనే శాస్త్రవేత్త వాటిని మొలిపించి చూశాడు. 158 ఏళ్ల వయసున్న గింజలు మొలిచాయి. మిషిగన్‌లో విలియం బీల్ అనే ఆచార్యుడు 1879లో ఇరవై సీసాల్లో కలుపు మొక్కల గింజలు నింపి పాతిపెట్టాడు. తరం తర్వాత తరం శిష్యులు ఒక్కో సీసా తవ్వుతూ వస్తున్నారు. 2021లో తవ్విన సీసాలో కూడా మొలిచే గింజలు ఉన్నాయి. మనకు అలాంటి సీసాలు లేవు, కానీ రేల చెట్టు కింది మట్టి ఉంది.

రేలకాయ మూరెడు పొడవున నల్లగా వేలాడుతుంది. లోపల బిళ్లలు బిళ్లలుగా గదులు, ప్రతి గదిలో తియ్యటి నల్లటి గుజ్జు, ఆ గుజ్జులో ఒక గింజ. కాయ పగలగొట్టి గుజ్జు తినేవాళ్లలో ఎలుగుబంటి ముందుంటుంది. నక్కలు, కోతులు తర్వాత. గింజ కడుపులోంచి బయటపడేసరికి తోలు కొంత పలచబడుతుంది, తల్లిచెట్టుకు దూరంగా ఎరువుతో సహా పడుతుంది. ఎలుగులు తగ్గిన అడవిలో రేలకాయలు చెట్టు కిందే కుళ్లుతాయి. నర్సరీల్లో ఎలుగు పని గంధకామ్లం చేస్తోంది. అంత ప్రమాదకరమైన ద్రావకం ఇంటివాళ్లకు అక్కర్లేదు. గింజ అంచున గోరుకత్తెతో చిన్న గాటు పెడితే చాలు, మొలక వచ్చే కొన మాత్రం తెగకూడదు.

తుమ్మ విషయంలో అడవిశాఖ వాళ్లు ఇంకా తెలివైన దారి కనిపెట్టారు. మేకలు తుమ్మకాయలు ఇష్టంగా తింటాయి. రాత్రి దొడ్డిలో పడుకుని నెమరేస్తూ గట్టి గింజల్ని ఉమ్మేస్తాయి. పొద్దున్నే దొడ్డి ఊడిస్తే కడిగి పెట్టినట్టున్న గింజలు దొరుకుతాయి. మేక కడుపులో నానిన గింజ, చెట్టు నుంచి కోసిన గింజకన్నా బాగా మొలుస్తుంది. మేకలు మొక్కలు మేస్తాయన్న తిట్టు నిజమే. తుమ్మ చెట్టు తరఫున మాత్రం వాటికి ఒక మంచిమాట చెప్పక తప్పదు.

టేకుతో పడ్డ పాట్లు

గింజను లేపడమనే విద్యలో అందరూ పరీక్ష రాసింది టేకు దగ్గరే. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉంటూ కోరమాండల్ మొక్కల మీద పుస్తకం రాసేనాటికే రాజమండ్రి ఎగువన గోదావరి గట్ల టేకుకు పేరుంది. ఓడలకు టేకు కావాలి, నరికింది చాలు, ఇక నాటాలి అన్న ఆలోచన 1840ల్లో మలబారు కలెక్టరు కొనోలీకి వచ్చింది. అదే మలబారులోని నీలంబూరులో గింజలు వేస్తే మొలవలేదు. మళ్లీ వేశారు, మళ్లీ మొలవలేదు. చివరికి ఆ పని చాతు మేనోన్ అనే స్థానిక ఉద్యోగి చేతికి వచ్చాక తోట నిలబడింది. ఆనాడు నాటిన చెట్లు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి, కొనోలీ ప్లాటు పేరుతో జనం చూడటానికి వెళ్తారు.

టేకు గింజ మొండిది కావడానికి కారణం దాని కట్టుబడిలోనే ఉంది. మనం గింజ అనేది నిజానికి కాయ. పైన మెత్తటి బెండు పొర, లోపల రాయంత గట్టి గుల్ల, ఆ గుల్లలో నాలుగు గదులు. నాలుగింటిలోనూ గింజ ఉండదు, ఒకటో రెండో ఉంటే గొప్ప. పైపొరలో మొలకను ఆపే పదార్థాలు ఉంటాయి. అవి కడుక్కుపోవాలి, గుల్ల సందులు వదులు కావాలి. అందుకే నర్సరీలో రాత్రంతా నానబెట్టి, పగలంతా ఎండలో పరుస్తారు. ఇలా వారం, ఒక్కోసారి రెండు వారాలు. ఈ ఏడాది కాయకన్నా నిరుటి కాయ బాగా మొలుస్తుందని పాత నర్సరీ మేస్త్రీలకు తెలుసు. కొత్త కాయను నానబెట్టి వెంటనే బెడ్ మీద వేసి, రాలేదని నెల తర్వాత తిట్టుకోవడం కొత్తవాళ్ల పని. ఇన్ని తిప్పలు పడ్డాక కూడా సగం మొలిస్తే సంతోషించాలి.

మొలిచాక కూడా టేకును అలాగే తీసుకెళ్లి నాటరు. ఏడాది పెరగనిచ్చి, పీకి, బొటనవేలు లావు వేరు జానెడు, కాండం అంగుళం ఉంచి మిగతాది నరికేస్తారు. స్టంప్ అంటారు దాన్ని. తొలకరి పడ్డ వెంటనే గడ్డపారతో బొక్క చేసి దిగేస్తారు. అడవిలో ఏటా వేసవి నిప్పుకు పైభాగం కాలిపోయి, వేరు నుంచి మళ్లీ చిగురేసే టేకు అలవాటునే ఇక్కడ మనిషి వాడుకున్నాడు.

ఆగలేని గింజలు

ఇంతదాకా ఆగే గింజల గురించి. ఆగడం అసలే తెలియనివి కూడా ఇదే గుట్టల మీద ఉన్నాయి. పథకాలు బోల్తా పడేది ఎక్కువగా వీటి దగ్గరే.

ఇప్ప చెట్టు మార్చి, ఏప్రిల్‌లో పూస్తుంది. కోయ ఇళ్లలో తెల్లారకముందే బుట్టలతో చెట్టు కిందికి చేరతారు. జూన్, జూలైలో కాయ పండి రాలుతుంది. గింజలో నూనె ఎక్కువ, తడి ఎక్కువ, తోలు పలచన. ఆరిందంటే చచ్చిందన్నమాట. రెండు మూడు వారాలు దాటిన ఇప్పగింజ నూనె ఆడించడానికే తప్ప నాటడానికి పనికిరాదు. వేప కూడా ఇంతే, కాస్త ఎక్కువ రోజులు ఆగుతుందంతే. ఇవన్నీ వాన మొదలయ్యాకే పండుతాయి, రాలుతూనే మొలుస్తాయి. మోదుగ కొంచెం ముందు, మే నెలలో, ఒక్కో కాయకు ఒక్కో గింజ చొప్పున గాలికి వదులుతుంది. దానికి ఏ వైద్యమూ అక్కర్లేదు, తడి తగిలితే చాలు. వెదురు దశాబ్దాలకు ఒకసారి పూసి, గంపలకొద్దీ బియ్యం రాల్చి చచ్చిపోతుంది. ఆ బియ్యం కూడా ఎక్కువ కాలం నిలవ ఉండవు.

ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకులు కాల్చి నేల శుభ్రం చేయడం చాలాచోట్ల ఆనవాయితీ. పువ్వు మట్టి అంటకుండా దొరుకుతుంది. నిరుడు మొలిచిన ఇప్ప పిలకలు మాత్రం ఆ మంటలో పోతాయి. నిప్పు గింజలకు మేలు చేస్తుందన్న మాట ఒకటి పత్రికల్లో తరచూ కనిపిస్తుంది. దక్షిణాఫ్రికాలో 1990లో పొగ తగిలితే కొన్ని పొదల గింజలు మొలుస్తాయని గుర్తించారు, 2004లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఆ పొగలోని కారికిన్ అనే పదార్థాన్ని పట్టుకున్నారు. అది అక్కడి నిప్పుతో కలిసి పెరిగిన పొదల సంగతి. మట్టిలో కొంచెం లోతున ఉన్న తంగేడు గింజకు ఆకుల మంట వేడి కొంత ఉపకారం చేయొచ్చు, పైన పడి ఉన్న గింజ మాత్రం మాడిపోతుంది. అడవి తగలబెట్టడానికి ఈ శాస్త్రాన్ని సాక్ష్యంగా తేవడం నాకు నచ్చదు.

మొర్రి కథ వేరు. దాని పప్పైన సారపప్పు ధర పెరిగేకొద్దీ కాయ పండక ముందే కొమ్మతో సహా దింపుకునే పద్ధతి వచ్చింది. ఎవరు ముందు కోస్తే వాళ్లదే అయినప్పుడు పండేదాకా ఆగమని ఎవరికి చెప్పగలం? పచ్చి కాయలోని గింజ మొలవదు. పండిన కాయ పెంకు కూడా ఎంత గట్టిదంటే, లోపలి పప్పు నలగకుండా చీల్చిపెడితే తప్ప నర్సరీలో మొలక శాతం పెరగదు.

జేబులో గింజలతో తిరిగిన మనిషి

2015 జూలై 3న రాష్ట్ర ప్రభుత్వం మొక్కలు నాటించే హరితహారం పథకం మొదలైంది. ఊరూరా పంచాయతీ నర్సరీలు వచ్చాయి. 2024 నుంచి వన మహోత్సవం పేరుతో నాటుతున్నారు. పేరేదైనా నర్సరీ లెక్క ఒక్కటే, ఇన్ని వేల సంచులు, ఫలానా నెలకల్లా సిద్ధం. ఆ లెక్కకు ఒదిగేవి తొందరగా, ఒకేసారి మొలిచే చెట్లు. ఇప్ప గింజ దొరికేది జూలైలో, నర్సరీ మట్టి నింపేది శీతాకాలంలో. అప్పటికి ఇప్ప గింజ చచ్చి ఆరు నెలలవుతుంది. రేల, తంగేడు గింజలు తోలు గీకకుండా సంచుల్లో పడతాయి. మొలక లేదని తీసి పారేస్తారు. ఊళ్లలో నాటించిన మొక్కల్లో అడవి జాతులు ఎందుకు తక్కువని అడిగేవాళ్లకు ఇదొక జవాబు.

విత్తన బంతుల మీద కూడా నాకు అనుమానమే. మట్టి, ఎరువు కలిపి గింజను పొదిగి ఉండ చేయడం మంచి పద్ధతి, జపాన్ రైతు ఫుకుఓకా దాన్ని లోకానికి చూపించాడు. పాలమూరులో 2021లో మహిళా సంఘాలు రెండు కోట్లకు పైగా బంతులు చేసి, వాటితో అక్షరాలు పేర్చి గిన్నిస్ పుస్తకానికి ఎక్కాయి. అంత శ్రమను తక్కువ చేయలేం. అయితే బంతిలో ఏ గింజ ఉందన్నది బంతుల లెక్కకన్నా ముఖ్యం. మేలో ఇప్పగింజ బంతి చేయలేం, వేపగింజ నిరుటిదైతే దండగ, టేకు కాయ నానబెట్టకుండా పెడితే ఏ రెండేళ్లకో మాట.

ఖమ్మం జిల్లాలో ఈ విద్యను బడికి పోయి నేర్చుకోకుండానే పాటించిన మనిషి దరిపల్లి రామయ్య. ఖమ్మం రూరల్ మండలం రెడ్డిపల్లి ఆయన ఊరు. మెడలో చెట్ల మీద రాతలున్న ఆకుపచ్చ బోర్డు, సైకిలు, జేబుల్లో గింజలు. వేసవిలో అడవుల్లో, రోడ్ల వెంట తిరిగి గింజలు ఏరుకొచ్చేవాడు. వాన పడగానే కాలవ గట్ల మీద, బడి ఆవరణల్లో, ఖాళీ నేల కనిపించిన ప్రతిచోటా వేసేవాడు. భార్య జానమ్మ ఆయన వెంటే ఉంది. వనజీవి అన్న పేరు ఇంటిపేరు అయిపోయింది. కోటి మొక్కలని అంటారు, ఆ అంకె ఎవరూ కూర్చుని లెక్కపెట్టింది కాదు, పెట్టాల్సిన పనీ లేదు. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2025 ఏప్రిల్ 12న కన్నుమూశాడు. ఎండలో ఏరి వానలో వేయడమనే ఆయన పద్ధతిలో ఈ ప్రాంతపు గింజల గుణం మొత్తం ఉంది.

చండ్రుగొండలో మొక్కల మాట ఎత్తితే 2022 నవంబరు 22ను దాటుకుని పోలేం. బెండాలపాడు అడవిలో ఎర్రబోడు దగ్గర, ప్లాంటేషన్ మొక్కల విషయంలో పోడు గొడవ ముదిరి జరిగిన దాడిలో చండ్రుగొండ రేంజ్ అధికారి చలమల శ్రీనివాసరావు ప్రాణం పోయింది. మరుసటి ఏడాది జూన్ చివర రాష్ట్రంలో సుమారు నాలుగు లక్షల ఎకరాలకు పోడు పట్టాలు ఇచ్చారు. భూమి ఎవరిదన్న తగాదా ఈ వ్యాసంలో తేలేది కాదు. గింజ వైపు నుంచి ఒక్క సంగతి మాత్రం చెప్పొచ్చు. ఎక్కడో నర్సరీలో పెంచిన మొక్కను తెచ్చి గుంట తీసి నాటడం ఒక్కటే అడవిని తిరిగి తెచ్చే దారి కాదు. నిన్నమొన్నటిదాకా అడవిగా ఉన్న నేలలో గట్టి తోలు గింజలు, తునికి వేర్లు, టేకు మోళ్లు మిగిలే ఉంటాయి. నిప్పునూ మందనూ నాలుగైదు వానాకాలాలు ఆపగలిగితే అవే లేస్తాయి. సహజ పునరుత్పత్తికి చేయూత అనే పేరుతో అడవిశాఖకు ఈ పద్ధతి ఉంది. ఖర్చు తక్కువ. ఫోటోకు నిలబడే వరసలు ఉండవు కాబట్టి గుర్తింపూ తక్కువే.

బతుకమ్మ పూల నుంచి నాభి దాకా

అడవిపూలంటే ఎక్కువమందికి గుర్తొచ్చేవి బతుకమ్మలోవే, తంగేడు, గునుగు. గునుగు చెలకల్లో తనంతట తానే వచ్చే కలుపు. నల్లగా మెరిసే ఆవగింజకన్నా చిన్న గింజ. ఇలాంటి సన్నగింజ కలుపు మొక్కల్లో చాలావాటికి వెలుగు తగలాలి. నాగలి మట్టిని తిరగేసినప్పుడు పైకొచ్చిన గింజ క్షణం వెలుగు చూస్తే చాలు, మొలకకు సిద్ధమవుతుంది. లోతుగా పూడ్చితే రాదు. కలుపు మందులు పత్తి చేలలో గునుగును తుడిచిపెట్టాక పండగ ముందు రోజు పూలు బజార్లో కొనే రోజులొచ్చాయి. పెరట్లో ఓ మూల గునుగు కావాలంటే అక్టోబరులో ఎండిన కంకులు దాచి, జూన్‌లో మట్టి మీద చల్లి, చేత్తో అద్ది వదిలేయాలి. మట్టి కప్పొద్దు.

నాభి సంగతి తెలిసినవాళ్లు తక్కువ. వానాకాలంలో పొదల మీద పాకుతూ ఎరుపు, పసుపు రేకులు పైకి లేచిన పూలు పూస్తుంది. అగ్నిశిఖ అనీ అంటారు. దుంప, గింజ, ఆకు అన్నీ విషమే, కోల్చిసిన్ ఉంటుంది. పిల్లలున్న ఇంట్లో పెంచొద్దని ముందే చెబుతున్నాను. మందుల కోసం దుంపలు తవ్వుకుపోవడం వల్ల అడవిలో పలచబడుతోంది. గింజతో పెంచాలంటే చాలా ఓపిక కావాలి. కోసిన గింజ ఆరు నుంచి తొమ్మిది నెలలు నిద్రలోనే ఉంటుంది. దాని లోపలి పిండం ఎదగడానికి ఆ సమయం కావాలి, తోలు గీకినా లాభం లేదు. మొలిచిన మొదటేడు నాలుగాకులు, వేలెడంత దుంప. పువ్వు చూడటానికి మూడు నాలుగు వానాకాలాలు ఆగాలి.

తంగేడు ఇంత కష్టం కాదు. చలికాలం నుంచి వేసవి దాకా గోధుమరంగు పలచని కాయలు చెట్టునే ఎండుతాయి. వాటిని తెంపి గుడ్డసంచిలో దాచండి. జూన్ మొదటి వారంలో నీళ్లు మరగబెట్టి, పొయ్యి మీంచి దించి, గింజలు వేసి రాత్రంతా అలాగే వదిలేయండి. పొద్దున ఉబ్బినవి ఏరి సంచుల్లో నాటండి. ఉబ్బనివి ఇంకోసారి. రేలకు వేడినీళ్లు ఒక్కోసారి చాలవు, గాటు పెట్టాలి. ఇప్ప, వేప అయితే రాలిన రోజునే గుజ్జు కడిగి, నీడలో పైతడి మాత్రం ఆరనిచ్చి, మర్నాడే మట్టిలో వేయాలి. సంచికి రెండు గింజలు పెడితే మేలు. ఆగస్టుకు మొలక రాని రేల, తంగేడు సంచుల్ని మాత్రం పారబోయకండి. ఓ మూలన ఎండకు వదిలేసి, వచ్చే మృగశిర దాకా ఉంచితే వాటిలో కొన్ని తప్పకుండా లేస్తాయి.